ఫ్యాన్ ఆర్ట్ వేసేవాళ్లకు స్టూడియో ఏం చేయాలి?

మాది హైదరాబాద్‌లో చిన్న గేమ్ స్టూడియో, మా క్యారెక్టర్ల బొమ్మలు వేస్తున్న ఫ్యాన్స్‌ని ఎలా ప్రోత్సహించాలి, మా పేజీలో షేర్ చేస్తే సరిపోతుందా అని అడిగారు కదా. సరిపోదండి. నేను ఆ బొమ్మలు వేసే బాపతే, హైటెక్స్‌లో కామిక్ కాన్ అనే కామిక్స్, గేమ్స్ అభిమానుల మేళా జరిగితే టేబుల్ తీసుకుని ప్రింట్లు కూడా అమ్ముతుంటాను.

ఇక్కడి స్టూడియో ఒకటి, పేరెందుకులెండి, నా బొమ్మని దసరా ఆఫర్ పోస్టర్‌కి చెప్పాపెట్టకుండా వాడేసుకుంది. నేను సంతకం క్యారెక్టర్ కాళ్ల దగ్గర, లంగా అంచు పక్కన పెడతాను. సరిగ్గా దాని మీదే డౌన్‌లోడ్ బటన్ తెచ్చి పెట్టారు. అడిగితే "మీకు మంచి రీచ్ వస్తుంది కదా" అన్నారు! రీచ్ చూపిస్తే ప్రింటింగ్ షాపువాడు బిల్లు మాఫీ చేస్తాడా?

ఇంకో చిన్న టీమ్ మాత్రం ముందే మెయిల్ పెట్టింది. లోడింగ్ స్క్రీన్‌లో వాడుకుంటాం, ఇంత ఇస్తాం, ఏడాది వరకే, మీ పేరు ఎలా వేయమంటారు అని. ఆ చివరి ప్రశ్నకి నేను ఫ్లాట్. ఆన్‌లైన్‌లో నా పేరు వేరు, ఆధార్‌లో వేరు, ఇన్నాళ్లలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. గేమ్ క్రెడిట్స్‌లో పేరు పడ్డాక మా నాన్న ఆ స్క్రీన్‌షాట్ చుట్టాల గ్రూపులన్నిటికీ పంపారు, అదివరకు ఆయన దృష్టిలో నాది టైంపాసే.

పెద్ద కంపెనీలూ ఇందులో దొరికిపోయాయి. 2024లో బంగీ అనే అమెరికా గేమ్ కంపెనీ వాళ్ల డెస్టినీ గేమ్‌లోని తుపాకీని నెర్ఫ్ బ్రాండ్ ఆట తుపాకీగా తెస్తే, దాని డిజైన్ 2015 నాటి ఒక ఫ్యాన్ ఆర్ట్‌లా ఉందని బయటపడింది, బంగీ ఒప్పుకుని ఆ ఆర్టిస్టుకి డబ్బూ క్రెడిట్టూ ఇస్తామంది. అటు వాల్వ్ అనే ఇంకో గేమ్ కంపెనీని చూడండి, 2011లో తన ఆన్‌లైన్ గేమ్ షాపు స్టీమ్‌లో వర్క్‌షాప్ అనే విభాగం పెట్టి, గేముల్లో వాడుకోడానికి ఫ్యాన్స్ చేసిన ఐటమ్స్ అమ్ముడైతే వాళ్లకీ వాటా ఇస్తోంది. 2015 జనవరి నాటికి అలా ఇచ్చింది 5.7 కోట్ల డాలర్లట. మిమ్మల్ని అంత ఇమ్మనట్లేదు, అమ్మకానికి వాడితే మాత్రం డబ్బు ఇవ్వాల్సిందే.

ప్రింట్లు, కీచెయిన్లు, స్టిక్కర్లు ఏవి, ఎన్ని అమ్ముకోవచ్చో మీ సైట్‌లో ఒక పేజీలో తేటగా రాసిపెట్టండి. లేకపోతే స్టూడియో టీషర్ట్ వేసుకున్నవాళ్లు టేబుల్ దగ్గరికొస్తే చాలు మాకు టెన్షన్.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది పోటీలతో. గెలిచేది ఒక్కరే, "వచ్చిన ఎంట్రీలన్నీ మా సొత్తు" అని కింద చిన్న అక్షరాల్లో రాస్తారు, అంటే ఓడినవాళ్ల బొమ్మలు కూడా ఫ్రీగా పోయినట్టే. 1957 కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీకి సంతకం పెట్టిన కాగితం ఉండాలి, ఎన్నాళ్లకో రాయకపోతే ఐదేళ్లే, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. హక్కులు రాసిచ్చేసినా "ఇది వేసింది నేనే" అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ ప్రకారం ఆర్టిస్టుకి ఉంటుంది. కాబట్టి పోటీ పెడితే గెలిచిన బొమ్మకే, అదీ డబ్బిచ్చి, ఫలానా వాడకానికని రాసుకోండి, మిగతావి ఎవరివి వాళ్లకే వదిలేయండి. మీ లాయర్ ఒప్పుకోకపోతే పోటీ మానేసి, ఆ ప్రైజ్ మనీతో నచ్చిన ఇద్దరు ముగ్గురికి నేరుగా పని ఇవ్వండి.