ఎగ్జిట్ కోడ్ సున్నా, ఫలితం మాత్రం ఫెయిల్

ప్రశ్న: డెబియన్ (ఒక లినక్స్ వ్యవస్థ) కోసం ఒక చిన్న పైథాన్ ప్యాకేజీ తయారుచేస్తున్నాను. పరీక్షలన్నీ నా కంప్యూటర్‌లో నెగ్గుతున్నాయి, ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రాము ముగిసేటప్పుడు ఇచ్చే సంఖ్య; సున్నా అంటే విజయం) కూడా సున్నాయే వస్తోంది. అదే స్క్రిప్టును, ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీని పరీక్షించే ఆటోపీకేజీటెస్ట్ నడిపితే ఫెయిల్ అంటోంది. ప్యాకేజీ ఇన్‌స్టాల్, తొలగింపులను సరిచూసే పియుపార్ట్స్ అయితే పర్జ్ దశలో (సెట్టింగులతో సహా పూర్తిగా తుడిచేసే దశలో) ఆగిపోతోంది. లోపం ఈ సాధనాలదేనా?

జవాబు: కాదు. రెండూ తమ నియమాల ప్రకారమే నడుచుకుంటున్నాయి.

ఆటోపీకేజీటెస్ట్ ఎగ్జిట్ కోడ్ ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పదు. మీరు వేరుగా చెప్పి ఉంటే తప్ప, పరీక్ష నడుస్తున్నప్పుడు స్టాండర్డ్ ఎర్రర్‌లోకి (హెచ్చరికలు, దోషసందేశాలు వెళ్లే దారిలోకి) ఏ కాస్త రాత పడినా, స్క్రిప్టు సున్నాతో ముగిసినా సరే, ఆ పరీక్ష తప్పినట్లే లెక్క. ఫలితాలలో ఫెయిల్ అన్న మాట పక్కనే, అలా పడిన వాక్యం కూడా కనిపిస్తుంది. ముందుగా చదవవలసింది దానినే. పైథాన్‌లోని యూనిట్‌టెస్ట్ మాడ్యూల్ పరీక్షలన్నీ నెగ్గినప్పుడు కూడా తన చుక్కల వరుసనూ, చివరి 'ఓకే'నూ స్టాండర్డ్ ఎర్రర్‌లోకే రాస్తుంది కాబట్టి, మీరు దానిని వాడుతున్నట్లయితే కారణం చాలావరకు అదే. అప్పుడు డెబియన్/టెస్ట్స్/కంట్రోల్ ఫైలులోని రిస్ట్రిక్షన్స్ వరుసలో అలౌ-ఎస్‌టీడీఎర్ర్ అని చేర్చడం సబబే. అక్కడ కనబడింది డెప్రికేషన్ హెచ్చరిక (వాడుతున్న అంశం ముందుముందు తొలగిపోవచ్చన్న సూచన) అయితే మాత్రం, దాని మూలం తెలుసుకోకుండా ఆ మాట చేర్చవద్దని గట్టిగా చెబుతున్నాను. రేపు నిజమైన దోషసందేశం వచ్చినా అది కూడా ఎవరి కంటా పడకుండా దాటిపోతుంది.

పియుపార్ట్స్ సంగతి వేరు. అది ఖాళీ క్రూట్‌లో (మీ వ్యవస్థ నుంచి విడిగా ఉంచిన కనీస డెబియన్‌లో) ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి, తొలగించి, అది ఆధారపడిన ప్యాకేజీలను కూడా తీసివేసిన తరువాతనే పర్జ్ చేస్తుంది. మీ పోస్ట్‌ఆర్‌ఎమ్ స్క్రిప్టు (ప్యాకేజీని తొలగించాక నడిచేది) ఆ ప్యాకేజీలలోని ఏ కమాండునైనా పిలిస్తే, ఆ కమాండు దొరకక స్క్రిప్టు ఆగిపోతుంది. మీ కంప్యూటర్‌లో అవి ఇంకా ఉంటాయి కనుక ఇబ్బంది బయటపడదు. పర్జ్ సమయంలో ఎసెన్షియల్ ప్యాకేజీలు (వ్యవస్థలో ఎప్పుడూ ఉండే తప్పనిసరివి) తప్ప మరేవీ ఉంటాయని నమ్మరాదన్నది డెబియన్ పాలసీ. కమాండు ఉందో లేదో ముందుగా చూసుకుని పిలిస్తే చాలు.

మీరు అడగకపోయినా మరొకటి చెప్పాలి, ఎందుకంటే తప్పుగా వచ్చే ఫెయిల్ కన్నా తప్పుగా వచ్చే పాస్ ఎక్కువ ప్రమాదం. ఆటోపీకేజీటెస్ట్ మీ స్క్రిప్టును సోర్సు డైరెక్టరీలోనే మొదలుపెడుతుంది. అక్కడి నుంచి యూనిట్‌టెస్ట్‌ను నడిపితే, మాడ్యూల్ సోర్సు పైభాగంలోనే ఉన్నప్పుడు, పైథాన్ ఇన్‌స్టాల్ అయిన ప్రతిని వదిలి ఎదురుగా ఉన్న ప్రతినే ఇంపోర్ట్ చేసుకుంటుంది. ప్యాకేజీలో ఒక ఫైలు చేరకపోయినా పరీక్ష నెగ్గుతుంది. పరీక్ష ఫైళ్లను మాత్రమే ఆటోపీకేజీటెస్ట్ ఇచ్చే తాత్కాలిక డైరెక్టరీలోకి కాపీ చేసి, అక్కడికి మారి నడపండి. ఇంపోర్ట్ అయిన మాడ్యూల్ ఫైలు దారిని ఒకసారి ప్రింట్ చేయించి చూడండి.