ఎమ్మెల్యే కావాలనుకుంటున్న మా మేనకోడలికి

బరంపురం

చిరంజీవి అమ్మాయికి, మీ మామయ్య ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, వచ్చే ఎన్నికల్లో నువ్వు పర్లాకిమిడి నుంచి ఒడిశా అసెంబ్లీకి పోటీ చేయాలనుకుంటున్నావని చెప్పింది. చెబుతూ ఏడ్చింది. ఏడవడానికి ఏముందని నేను కోప్పడ్డాను. ఫోను పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. ఇరవై రెండేళ్ళు ఒక ఎమ్మెల్యే దగ్గర పి.ఏ.గా పనిచేసిన మామయ్య ఉండగా, ఈ కబురు నీ నోట నేను వినకపోవడమేమిటి? వద్దంటానని భయపడ్డావా?

వద్దనను. మీ తాతయ్య మాకు అన్నాలు పెట్టేటప్పుడు ఒకే కథ పదేపదే చెప్పేవారు. మన బరంపురంలో పుట్టిన వి.వి. గిరి 1937లో బొబ్బిలి రాజాను ఎన్నికల్లో ఓడించారన్న కథ. జమీందారు బండి వస్తే పక్కకు తప్పుకుని నిలబడిన మనిషి మీ తాతయ్య. ఓట్లతో ఒక రాజా ఓడిపోయాడన్న మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతు మారిపోయేది. ఆ తాతకు మనవరాలివి నువ్వు. నాకు ఎంత గర్వంగా ఉందో అంత భయంగానూ ఉంది.

ముందు సులువైనవి చెప్పేస్తాను. గుర్తింపు ఉన్న పార్టీ టిక్కెట్టు ఇస్తే నీ నామినేషన్‌ను ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు. స్వతంత్ర అభ్యర్థివైతే పదిమంది కావాలి. స్వతంత్రంగా గెలిచి ఆ తర్వాత ఏ పార్టీలో చేరినా సభ్యత్వం పోతుంది, అది ముందే ఆలోచించుకో. డిపాజిట్ 10,000 రూపాయలు. ఖర్చు పరిమితి 40 లక్షలు, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణ పత్రం, అదే అఫిడవిట్‌లో, ఒక్క గడి కూడా ఖాళీ వదలకు. మంచినీళ్ళ కోసం రోడ్డు మీద కూర్చున్నప్పుడు నీ మీద పెట్టిన కేసు కూడా రాయి. లాయరువి, ఇవన్నీ నాకన్నా నీకే బాగా తెలుసు.

ఒడియా సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మీ వాళ్ళతో మాట్లాడే ఒడియా సభకు చాలదు. రాజ్యాంగంలో 210వ అధికరణం ఉంది. సభ భాషల్లో తన మాట సరిగా చెప్పలేని సభ్యుడు స్పీకర్ అనుమతితో మాతృభాషలో మాట్లాడవచ్చు. దాని మీద ఆధారపడకు. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు మనం ఇటు ఉండిపోయాం, పొలిమేర దాటితే ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది. తెలుగు పిల్లల బడి గురించి నువ్వు అడిగే మాట మంత్రికి అనువాదంలో చేరకూడదు. నీ నోటి నుంచి, ఆయన భాషలో, సూటిగా చేరాలి.

ఇక నన్ను రాత్రంతా మేలుకోబెట్టిన విషయం.

గెలిచాక నీకు అధికారం ఎక్కడ దొరుకుతుందో తెలుసా? 147 మంది ఉన్న సభలో ముఖ్యమంత్రితో కలిపి మంత్రులు 15 శాతానికి మించకూడదు, అంటే 22 మంది. మిగిలిన వాళ్ళలో నువ్వొకతెవు. బిల్లు మీద ఇలాగే ఓటేయాలని పార్టీ ఆదేశం, అంటే విప్, జారీ చేస్తే, 1985 నుంచి ఉన్న ఫిరాయింపుల చట్టం ప్రకారం, ఎదురు ఓటేసినా, ఓటేయకుండా ఊరుకున్నా నీ పదవికే ముప్పు. మా ఎమ్మెల్యే భువనేశ్వర్‌లో వారమంతా కూర్చుని, ఒక్కసారి కూడా మాట్లాడే అవకాశం రాక తిరిగి వస్తుంటే, జీపులో దారి పొడవునా మాట్లాడేవారు కాదు. తెల్లవారుజామున ఇంటి ముందు దిగేసరికి అరుగు మీద నలభై, యాభై మంది ఒక్కసారిగా లేచి నిలబడేవారు. అప్పుడు ఆయన ముఖంలోకి రక్తం వచ్చేది. అక్కడ దొరకనిది ఇక్కడ దొరికేది. ఆ అరుగు మీద ఆయన చేతిలో ఉండే ఆయుధం లెటర్‌ప్యాడ్.

ఆయన పేరు, నియోజకవర్గం రాయను. ఆయన ఇప్పుడు లేరు, మంచివారు కూడా. తప్పు మొదలుపెట్టింది నేను.

సుమారు ముప్పై ఏళ్ళ కిందటి మాట. సరిహద్దు పల్లెలో ఒక తెలుగు మాస్టారు ఉండేవారు. ఆ పల్లె పెద్ద ఒకాయన, మాకు ఓట్లు వేయించేవాడు, వచ్చి ఆ మాస్టారు ఎన్నికల్లో మనకు వ్యతిరేకంగా తిరిగాడని చెప్పాడు. నేను విచారించలేదు. బదిలీకి సిఫారసు ఉత్తరం టైపు చేసి, పింఛన్ల కాగితాల మధ్యలో పెట్టాను. సారు జీపు ఎక్కుతూ, మోకాలి మీద ఫైలు పెట్టుకుని వరసగా సంతకాలు చేశారు. ఏది ఏమిటని అడగలేదు. నేను చెప్పలేదు. మూడు వారాలు తిరగకుండా ఉత్తర్వు వచ్చేసింది. ఆసుపత్రిలో ఒక మంచం కోసం మేము ఏడాది తిరిగిన రోజులవి.

మాస్టారు సైకిలు మీద వచ్చారు. నలభై కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చిన మనిషి చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. ఉత్తర్వు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు, తీసి నాకు చూపించారు. "నేను చేసిన తప్పేమిటో చెప్పండి బాబూ, దిద్దుకుంటాను" అన్నారు. సారు లోపల భోజనం చేస్తున్నారు. నేను "సారు ఊళ్ళో లేరు" అన్నాను. ఆయన లోపలి నుంచి వినబడుతున్న సారు గొంతు విన్నారు, నా ముఖం చూశారు, ఇంకేమీ అడగకుండా సైకిలు తీసుకుని వెళ్ళిపోయారు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు నేను.

అసలు సంగతి ఏడాది తర్వాత తెలిసింది. ఆ పెద్దమనిషి తన అన్న కొడుకు పుట్టిన తేదీని బడి రిజిస్టరులో మార్చమన్నాడు, మాస్టారు మార్చనన్నారు. అంతే. ఓట్లూ లేవు, రాజకీయమూ లేదు.

ఆయన స్థానంలో తెలుగు వచ్చినవారు ఎవరూ రాలేదు. ఆయనను వెనక్కి రప్పించమని అదే లెటర్‌ప్యాడ్ మీద పదకొండు ఉత్తరాలు రాశాం. ఒక్కటీ పనిచేయలేదు. కొందరు పిల్లలు ఒడియా తరగతిలో కూర్చున్నారు, కొందరు సరిహద్దు దాటి అవతలి బడికి నడిచారు, ఆడపిల్లలు చాలామంది మానేశారు. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి ఆ బడికి వెళ్ళాను. మాస్టారు గోడ మీద నల్ల రంగుతో రాసిన అక్షరమాల మీద సున్నం కొట్టేశారు. వానకు సున్నం పలచబడినచోట అ, ఆ కనబడుతున్నాయి. అక్కడ నిలబడలేకపోయాను తల్లీ.

అందుకే చెబుతున్నాను. నీ దగ్గరికి వచ్చే ప్రతి బదిలీ కాగితం వెనక ఒక మనిషి ఉంటాడు. అతన్ని పిలిపించి అతని మాట విను. వినే తీరిక లేకపోతే సంతకం పెట్టకు. జీపులో, పెళ్ళిపందిట్లో, అన్నం తింటూ అసలే పెట్టకు. "మనవాడే" అన్న మాటతో మొదలయ్యే సిఫారసును ఒక రాత్రి పక్కన పెట్టు. నీ పి.ఏ.ను నమ్ము, కానీ అతను రాసిందాన్ని చదువు. నేను రాసింది సారు చదివి ఉంటే ఆ మాస్టారు అక్కడే ఉండేవారు. మీ ఆయన బంగారంలాంటి మనిషి, అయినా నువ్వు లేనప్పుడు నీ కుర్చీలో కూర్చుని అర్జీలు తీసుకోనివ్వకు. నువ్వు చెప్పలేకపోతే నేను చెబుతాను.

చేతనైన మంచి ఎక్కడ జరిగిందో కూడా చెప్పాలి. ఆ తర్వాత సారుకు అంతా ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. ఎన్ని బడుల్లో తెలుగు మాస్టారి పోస్టులు ఖాళీగా ఉన్నాయో చెప్పమని సభలో నక్షత్ర గుర్తు ప్రశ్న వేశారు. ఆ గుర్తున్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. అంకె సభలో బయటపడింది. ఆ సరిహద్దు పల్లెకు కాదు గానీ మరో రెండు బడులకు మాస్టార్లు వచ్చారు. పదకొండు ఉత్తరాలకు కదలని శాఖ ఒక ప్రశ్నకు కదిలింది. సభలో మాట్లాడే అవకాశం రావడం లేదని సారు అన్నాళ్ళు దిగులుపడ్డారే గానీ, ప్రశ్నల కాగితం ఎప్పుడూ మా బల్ల మీదే ఉండేది.

వేళకు తిను. ఆకలేస్తే నీకు కోపం వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. అర్జీ పట్టుకుని వచ్చినవాళ్ళ మీద ఆ కోపం చూపించకు. భువనేశ్వర్ నుంచి రాత్రిళ్ళు కారులో రాకు, రైలెక్కు.

ఈ ఉత్తరంతో పాటు ఒక నోటు పుస్తకం పంపుతున్నాను. ఆ మాస్టారి సంగతి తెలిసిన రోజు నుంచి, రాసిన ప్రతి ఉత్తరాన్నీ అందులో ఎక్కించాను: ఎవరు అడిగారు, ఎవరికి నష్టం, చివరికి ఏమైంది. మొదటి పేజీలో ఆయన పేరు ఉంది. వెనక ఇంకా నలభై పేజీలు ఖాళీగా ఉన్నాయి.

దీపావళికి వస్తాను. అప్పటికి పర్లాకిమిడి బడుల మీద ఒక ప్రశ్న ఒడియాలో రాసి ఉంచు, కూర్చుని దిద్దుదాం. నేను ఒప్పుకున్నానని మీ అమ్మకు అప్పుడే చెప్పకు. నేనే వచ్చి చెబుతాను.

మీ మామయ్య