జింక వెంట్రుకలతో కట్టిన స్కల్పిన్ ఎర నీటిపై ఎందుకు తేలుతుంది?

స్కల్పిన్ చల్లని ఏటి అడుగున రాళ్ల నడుమ బతికే చిన్న చేప. దానికి గాలితిత్తి ఉండదు కనుక నేలను అంటిపెట్టుకునే తిరుగుతుంది, పెద్ద ట్రౌట్ చేపలు దానిని అక్కడే పట్టి తింటాయి. వాటిని పట్టడానికి కొక్కేనికి వెంట్రుకలూ తోలూ కట్టి స్కల్పిన్‌ను పోలేలా చేసేదే ఈ ఎర. జింక వెంట్రుక లోపలంతా గాలి గదులే. దారం బిగించగానే అది విచ్చుకొని గుండ్రని తలగా నిలవడానికీ, మీ ఎర తేలిపోవడానికీ కారణం ఒక్కటే. 1930ల దశకంలో డాన్ గేపెన్ కెనడాలోని నిపిగాన్ నది దగ్గర రూపొందించిన మడ్లర్ మిన్నో అనే ఎరలోనూ తల ఇదే వెంట్రుకతో కట్టినది.

అందుచేత ఎర అడుగుకు మునగాలంటే, పొడవు కాడ ఉన్న 4వ నంబరు కొక్కేనికి ముందుగా సీసపు తీగను పన్నెండు చుట్లు చుట్టి, ఆలివ్ రంగు కుందేలు తోలు పట్టీని తోకగా కట్టి, తల వచ్చే ముందు మూడో వంతు కాడను నున్నగా వదిలేయండి. పెన్సిల్ మందం వెంట్రుకల కట్టలోంచి అడుగు నూగు దువ్వి తీసేసి, రెండు వదులు చుట్లు వేసి, మూడో చుట్టు బిగిస్తూనే కట్టను వేళ్ల నుంచి వదలాలి. చాలామంది వదలరు, అందుకే వెంట్రుకలు కాడ చుట్టూ తిరగక ఒక పక్కనే గుత్తిగా నిలుస్తాయి. తరువాత బ్లేడుతో తల అడుగును చదునుగా, పక్కలను వెడల్పుగా కోయండి.

నేనైతే తలకు గొర్రె ఉన్నినే వాడతాను. అంత నిగ్గుగా కుదరదు గాని, నీరు పీల్చుకొని చక్కగా మునుగుతుంది.