పాత కీబోర్డుకి కొత్త సోల్డరింగ్: డబ్బు వెనక్కి వస్తుందా?

సందేహం: మాది అమలాపురం అండి. పాత కంప్యూటర్ సామాను అమ్మే బెంగళూరు షాపు దగ్గర ఆన్‌లైన్లో చెర్రీ జీ80-3000 మెకానికల్ కీబోర్డు 14 వేలకి కొన్నాను. ‘ఒరిజినల్, ఎప్పుడూ విప్పలేదు’ అని రాశారు. వారం కిందట వచ్చింది, రెండు కీలు పనిచెయ్యట్లేదు, విప్పితే కింద గోధుమరంగు జిగురు, నొక్కితే బాడీ కూడా వంగుతోంది. అడిగితే పాత సరుక్కి గ్యారంటీ లేదు, మీ కోనసీమ ఉప్పుగాలికి అలా అయ్యుంటుంది అంటున్నాడు. ఫోటోలు పంపాను.

జవాబు: ముందు ఆ జిగురుని స్పిరిట్ పెట్టి తుడిచెయ్యకండి, మీ కేసుకి సాక్ష్యం అదే.

అది ఫ్లక్స్ అండి, సోల్డరింగ్ (లోహం కరిగించి అతకడం) చేసినప్పుడు మిగిలేది. ఉన్నంత మాత్రాన లోపం అనలేం, ఫ్యాక్టరీ సర్క్యూట్ బోర్డు మీద కూడా కాస్త ఉండొచ్చు. కానీ ఫ్యాక్టరీలో బోర్డు మొత్తం ఒకేసారి కరిగిన సోల్డర్ మీదుగా పోతుంది కాబట్టి చుక్కలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, మీ ఫోటోల్లో చూస్తే ఆ రెండు కీల కింద మాత్రమే ఉబ్బుగా ఉండి, చుట్టూ ముదురు మరక, ఒకచోట రాగి ప్యాడ్ (స్విచ్ కాలు అతికే చోటు) బోర్డు నుంచి పైకి లేచిపోయి ఉంది. ఎవరో కీ కింది స్విచ్ పీకి మళ్ళీ పెట్టారనే అనిపిస్తోంది. ఉప్పుగాలికి రాగి పచ్చగా చిలుం పడుతుంది గానీ వారంలో సోల్డర్ ఉబ్బదు కదా.

బాడీ వంగడం మాత్రం ఫిర్యాదులో పెట్టకండి. ఆ మోడల్లో మామూలుగా స్విచ్‌లు నేరుగా బోర్డు మీదే ఉంటాయి, మెటల్ ప్లేట్ ఉండదు, దాని తయారీయే అంత. అదీ కలిపేస్తే అసలు పాయింట్ పలచబడిపోతుంది.

ఇక చట్టం సంగతి. వస్తువుల విక్రయ చట్టం 1930, సెక్షన్ 15 ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకి సరిపోవాలి. ‘విప్పలేదు’ అన్నది వర్ణనే, పాతదైనా సరే. గ్యారంటీ లేదన్నది డబ్బు తీసుకున్నాక చెప్పిన మాటైతే అది మిమ్మల్ని కట్టిపడెయ్యదు. కానీ ఆలస్యం చెయ్యకండి, సరుకు వద్దని చెప్పకుండా దగ్గర పెట్టుకుని కూర్చుంటే ఒప్పుకున్నట్టే లెక్క, అప్పుడు నష్టపరిహారం అడగొచ్చు గానీ సరుకు తిప్పి పంపడం కష్టం. అందుకని ఈరోజే ఈమెయిల్లో ‘వర్ణనకి సరిపోలేదు, తిరస్కరిస్తున్నాను, డబ్బు వాపసు ఇవ్వండి’ అని రాయండి. అలా చెబితే చాలు, సెక్షన్ 43 ప్రకారం సరుకు మీరే తీసుకెళ్లి అప్పజెప్పాల్సిన పని లేదు.

షాపువాడు కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. బెంగళూరు తిరగక్కర్లేదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 34 ప్రకారం మీరు ఉండే చోటే వెయ్యొచ్చు, 5 లక్షల లోపు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అమ్మింది షాపు కాబట్టి ఈ దారి ఉంది, ఎవరో సొంత కీబోర్డు అమ్ముకుని ఉంటే సివిల్ కోర్టుకే వెళ్లాలి.

ప్రకటన స్క్రీన్‌షాట్, చాటింగ్, పేమెంట్ రసీదు దాచండి, వాళ్లు ప్రకటన తీసేస్తే మళ్ళీ దొరకదు. అవి ఉన్న ఫోను అమ్మెయ్యకండి, వాటిని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సొస్తుంది. ఊళ్లో మెకానిక్ దగ్గర రిపేరు చేయించొద్దు, ఏం కనిపించిందో ఎంతవుతుందో కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి చాలు.