టెక్ సందేహాలు: చీమ కళ్ళు కనపడాలంటే ఫుల్ ఫ్రేమ్ కొనాలా?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు, డిగ్రీ చదువుతున్నాను. పొలంలో పురుగుల ఫొటోలు బాగా దగ్గర్నుంచి (మాక్రో) తీయడం సరదా. ఫోన్‌లో మాక్రో కెమెరా ఉంది కానీ అన్నీ మసకగా వస్తున్నాయి, ఒకటి జత చేశాను చూడండి. 40 వేల లోపు కెమెరా, లెన్స్ చెప్పగలరా? పెద్ద సెన్సర్ (ఫొటో పడే పలక) ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితేనే బాగుంటుందని ఫ్రెండ్స్ అంటున్నారు. ఆర్మీలో పనిచేసే ఒకాయన బదిలీ మీద వెళ్తున్నారట, ఫుల్ ఫ్రేమ్ బాడీ, మాక్రో లెన్స్ కలిపి రూ. 22,000కే ఇస్తానన్నారు. నమ్మకం కోసం ఐడీ కార్డు ఫొటో కూడా పంపారు. గేట్ పాస్ కోసం రూ. 1,850 పంపాను, ఇప్పుడు జీఎస్టీ కట్టమంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, కెమెరా సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ జీఎస్టీ కట్టొద్దు. గేట్ పాస్ లేదు, బదిలీ లేదు, కెమెరా కూడా లేదు. ఆ ఫొటోలు ఇంకెవరో ఎప్పుడో పెట్టిన ప్రకటనలోంచి ఎత్తుకొచ్చినవి. సైన్యం పేరు చెబితే మనం ఇంకో ప్రశ్న అడగం అని ఆ మోసగాళ్ళకి బాగా తెలుసు, అందుకే ఆ వేషం. వస్తువు మారుతుంది, ఒకరికి బైక్, ఒకరికి ఫ్రిజ్, మీకు కెమెరా, కథ మాత్రం అక్షరం మారదు. ముందు చిన్న మొత్తం, తర్వాత పన్ను, ఆ తర్వాత "పొరపాటున ఎక్కువ పంపారు, రీఫండ్ ఇస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. మీరు రెండో మెట్టు మీద ఉన్నారు. మూడో మెట్టులో ఖాతా ఊడ్చుకుపోతుంది. ఇలాంటి ఉత్తరాలు ఎంత తరచుగా వస్తున్నాయంటే, మొదటి రెండు లైన్లు చదవగానే మూడో లైన్ నేనే చెప్పేస్తున్నాను, అయినా ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది.

మళ్ళీ మళ్ళీ చెప్తున్నదే: యూపీఐలో డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగిందంటే డబ్బు పోతున్నట్టే, తెర మీద ఏం రాసి ఉన్నా సరే. "రీఫండ్ ఫారం నింపడానికి" అంటూ స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమంటే అది ఇంకా ఘోరం, మీ ఓటీపీలు మీకన్నా ముందు వాళ్ళు చదువుతారు.

ఇవాళే 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి, బ్యాంకుకీ చెప్పండి. రూ. 1,850 తిరిగి వస్తుందని నేను హామీ ఇవ్వలేను కానీ, ఎంత తొందరగా చెబితే ఆ ఖాతాని ఆపే అవకాశం అంత ఎక్కువ. చాటింగ్ డిలీట్ చేయకండి, అదే మీ సాక్ష్యం. ఇంకోటి, ఆయన నమ్మకం కోసం ఐడీ కార్డు ఫొటో పంపాడన్నారు కదా, బదులుగా మీరు ఆధార్ ఫొటో పంపారా? ఆ కార్డు వాడిది కాకపోవచ్చు, మీలాగే నమ్మి పంపిన ఇంకెవరిదో అయి ఉండొచ్చు. మీరు పంపినది రేపు ఇంకొకరికి "నేను ఫలానా" అని చూపించడానికి పనికొస్తుంది. పంపి ఉంటే ఫిర్యాదులో ఆ ముక్క కూడా రాయండి.

సరే, అలాగని సెకండ్ హ్యాండ్ వద్దనడం లేదు. 40 వేలకి పురుగుల ఫొటోలంటే సెకండ్ హ్యాండే దారి. కాకపోతే వస్తువు చేతిలోకి వచ్చాకే డబ్బు చెయ్యి దాటాలి. మీ మెమొరీ కార్డు మీరే పట్టుకెళ్ళి పది ఫొటోలు తీసి చూడండి. అపర్చర్, అంటే లెన్స్ లోపలి ద్వారం, బాగా చిన్నదయ్యేలా ఎఫ్/16 పెట్టి తెల్లగోడని తీస్తే సెన్సర్ మీద మచ్చలుంటే చుక్కలుగా కనిపిస్తాయి. బిల్లు మీద ఉన్న సీరియల్ నంబరూ, బాడీ అడుగున ఉన్నదీ ఒకటేనా చూడండి. లెన్స్‌ని మాత్రం ఊరికే తిప్పి చూసి బాగుందనుకోవద్దు. వెనక నుంచి ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి కొంచెం ఏటవాలుగా చూడండి. లోపలి గాజు మీద సాలెగూడు పోగుల్లాగా సన్నటి తెల్ల గీతలు కొమ్మలు కొమ్మలుగా పాకి ఉంటే అది ఫంగస్. గుడ్డతో తుడిస్తే పోయే రకం కాదు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో బీరువాలో బ్యాగుతో సహా ఏళ్ళ తరబడి పడుకోబెట్టిన లెన్సుల్లో ఇది మామూలే. ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

ఇప్పుడు ఫుల్ ఫ్రేమ్ మాట. పెళ్ళి ఫొటోలకి చెప్పిన సలహా తెచ్చి చీమకి అతికించారు మీ ఫ్రెండ్స్. లెన్స్ 1:1 మాగ్నిఫికేషన్ ఇస్తుందంటే అర్థం, 8 మిల్లీమీటర్ల చీమ సెన్సర్ మీద కూడా సరిగ్గా 8 మిల్లీమీటర్లే పడుతుందని. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు, అందులో మీ చీమ పావు వంతు కూడా ఆక్రమించదు. దానికన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ వెడల్పు సుమారు 23 మిల్లీమీటర్లు, అదే లెన్స్‌తో అదే చీమ మూడో వంతు ఫ్రేమ్ నింపుతుంది. డబ్బు తక్కువై, పురుగు చిన్నదైనప్పుడు చిన్న సెన్సరే మీ పక్షాన ఉంటుంది. పదేళ్ళ కిందటి ఏపీఎస్-సీ డీఎస్‌ఎల్‌ఆర్ అయినా, 18 నుంచి 24 మెగాపిక్సెళ్ళు ఉంటే ధారాళంగా సరిపోతుంది. ఆటోఫోకస్ ఎంత వేగం, సెకనుకి ఎన్ని ఫొటోలు అన్న లెక్కలు ఇక్కడ ఎవరికీ పట్టవు, ఎందుకంటే ఈ పనిలో ఫోకస్‌ని మనం ఒంటితో చేస్తాం, ఊపిరి బిగబట్టి కెమెరాతో సహా ముందుకీ వెనక్కీ ఊగుతూ.

మాక్రో లెన్స్ కొనడానికి డబ్బు చాలదు కాబట్టి రెండు అడ్డదార్లు చెప్తాను. ఒకటి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, లోపల గాజు లేని ఉత్త గొట్టాలు. 50 ఎంఎం లెన్స్ వెనక 36 ఎంఎం గొట్టం పెడితే 36ని 50తో భాగించగా వచ్చిన 0.72, దానికి లెన్స్ సొంత మాగ్నిఫికేషన్ కలుపుకుంటే ఇంచుమించు 1:1 దగ్గరకి వస్తారు. కొంటే ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉన్నవే కొనండి. ఐదారు వందలకి దొరికే ఉత్త లోహపు గొట్టాలతో చాలా కొత్త లెన్సుల్లో అపర్చర్ మార్చడం కుదరదు. ఇంకో ఇబ్బంది, పురుగుకీ లెన్స్‌కీ మధ్య కొన్ని వేళ్ళ దూరమే మిగులుతుంది. తూనీగ అంత దగ్గరకి ఎవర్నీ రానివ్వదు.

అందుకే మీకు నేను రెండో దారే చెప్తాను. సెకండ్ హ్యాండ్ 55-250 ఎంఎం జూమ్ లెన్స్ తీసుకుని, దాని ముందు మంచి రకం +8 డయాప్టర్ (కళ్ళద్దాల పవర్ లాంటి కొలత) క్లోజప్ లెన్స్ తగిలించండి. మంచి రకం అంటే రెండు మూడు గాజులు కలిపి చేసినది. నాలుగు ఫిల్టర్ల సెట్టు అని చవగ్గా అమ్మే ఒంటి గాజువి కొంటే అంచుల్లో ఊదారంగు చారలు తప్ప ఏం రావు. లెక్క సులువు: 250ని 8తో గుణించి వెయ్యితో భాగిస్తే 2. అంటే అసలు సైజుకి రెండింతలు. మామిడి చెట్టు మీద ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే ఎర్ర చీమ ఒక్కటే ఫ్రేమ్ అంతా నిండిపోతుంది. 55 దగ్గరకి తిప్పితే గొల్లభామ మొత్తం కాకపోయినా తలా, ముంగాళ్ళూ పడతాయి. ఎటు జూమ్ చేసినా పురుగు నుంచి దూరం మారదు, సుమారు 12 సెంటీమీటర్లు, అంటే జానెడు కాదు గానీ బెత్తెడు కంటే ఎక్కువ. ఆ బెత్తెడే మీ ఫ్లాష్ వెలుగు పురుగు మీద పడడానికి దారి.

ఎవరూ డబ్బు పెట్టనిది ఆ ఫ్లాష్ మీదే. 1:1 దగ్గర ఎఫ్/8 పెడితే స్పష్టంగా కనిపించే మందం ముప్పాతిక మిల్లీమీటరు కూడా ఉండదు. ఈగ కన్ను ఫోకస్‌లో ఉంటే రెక్క ఉండదు. ఆ మందం కోసం ఎఫ్/11కి వెళితే చీకటి, వెలుగు కోసం షటర్ నెమ్మది చేస్తే గాలికి ఆకు ఊగి అంతా మసక. వీటన్నిటికీ మందు ఒక్కటే, మాన్యువల్ ఫ్లాష్, మూడు నాలుగు వేల రకం చాలు. షటర్ 1/200, ఐఎస్ఓ 200, ఎఫ్/11, ఫ్లాష్ పవర్ 1/8 దగ్గర మొదలుపెట్టి అక్కడి నుంచి సర్దుకోండి. తక్కువ పవర్‌లో ఫ్లాష్ సెకనులో కొన్ని వేలవ వంతు మాత్రమే వెలిగి ఆరిపోతుంది, చెయ్యి వణికినా ఆ వణుకు ఫొటోలో పడదు. వెలుగుని మెత్తబరిచే డిఫ్యూజర్ కొనొద్దు. చిప్స్ ప్యాకెట్ కోసి వెండి వైపు లోపలికి వచ్చేలా గూడులా మడిచి, ముందు రెండు పొరల బటర్ పేపర్ అతికించి, చివర లెన్స్ మూతి మీదకి వంగి ఉండేలా రబ్బరు బ్యాండుతో కట్టాను నేను. చూసినవాళ్ళు నవ్వుతారు. పేడపురుగు వీపు మీద మిరుమిట్లు గొలిపే తెల్ల మచ్చకి బదులు మెత్తటి మెరుపు వచ్చింది, నాకది చాలు.

లెక్క సుమారుగా ఇదీ: కిట్ లెన్స్‌తో పాత బాడీ 16 వేలు, జూమ్ 9, క్లోజప్ లెన్స్ ఆరేడు, ఫ్లాష్ 4. మిగిలిన నాలుగైదు వేలు ఇంకో బ్యాటరీకి, లెన్స్‌కి తేమ పట్టకుండా సిలికా జెల్‌తో గట్టి మూత డబ్బాకి. ఊరినీ, బేరాన్నీ బట్టి అటూ ఇటూ అవుతుంది.

ఇక ఫోన్ మాక్రో కెమెరా. మీ తప్పేం లేదు, దాన్ని పెట్టినవాళ్ళదే తప్పు. వెనక నాలుగు గుండ్రాలు కనిపించాలి కాబట్టి 2 మెగాపిక్సెళ్ళ సెన్సర్ ఒకటి అతికించి, నాలుగు సెంటీమీటర్ల దగ్గర ఫోకస్ బిగించేసి, డబ్బా మీద "క్వాడ్ కెమెరా" అని అచ్చువేసిన ఫోన్లు లెక్కలేనన్ని అమ్ముడుపోయాయి. నాలుగు సెంటీమీటర్లంటే ఫోన్ నీడే పురుగు మీద పడుతుంది! అదే ఫోన్‌లో మెయిన్ కెమెరాతో ఒక అడుగు వెనక నుంచి 2ఎక్స్‌లో తీసి కత్తిరించుకుంటే అంతకన్నా బాగా వస్తుంది, మరి ఆ నాలుగో గుండ్రం దేనికి? ఖరీదైన ఫోన్లది ఇంకో గోల. దగ్గరకి వెళ్ళగానే అడక్కుండానే అల్ట్రావైడ్‌కి దూకేస్తాయి, సరిగ్గా సీతాకోకచిలుక రెక్క విప్పే క్షణంలో ఫ్రేమ్ గెంతుతుంది. దాన్ని ఆపే బటన్‌ని సెట్టింగుల్లో మూడు గదుల లోపల దాస్తారు, అప్‌డేట్ వచ్చినప్పుడు ఇంకో గదిలోకి మారుస్తారు. ఈ డిజైన్ చేసినవాళ్ళు ఒక్కరోజైనా పొలం గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉంటే ఇలా చేసేవాళ్ళు కాదు.

ఇంకో రెండు ముక్కలు. పది ఫొటోలు కలిపి ఒకటి చేసే స్టాకింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ వెర్షన్ లింకు పంపి సేఫేనా అని ఇంకొందరు అడిగారు. కాదు. యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయండి అని రాసి ఉన్న ఫైలు గురించి ఇంకా అడగడమేమిటి? బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, లాగిన్ కుకీలు పట్టుకుపోయే సరుకు ఎక్కువగా ఇలాంటి ఫైళ్ళతోనే వస్తుంది, కుకీ పోతే ఓటీపీ లేకుండానే మీ మెయిల్‌లోకి వస్తారు. హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దాంతో వచ్చే ఎన్‌ఫ్యూజ్‌తో మొదలుపెట్టండి. రెండోది, పురుగు కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టి తీసే చిట్కా ఎవరు చెప్పినా వినొద్దు. తెల్లవారుజామున వెళ్ళండి, ఎండ తగిలి ఒళ్ళు వేడెక్కేదాకా తూనీగలు మంచు బొట్లతో సహా అవే కదలకుండా కూర్చుంటాయి.

మీరు పంపిన ఫొటోలో ఉన్న ఎర్ర ముఖమల్ ముద్ద ఆరుద్ర పురుగు. మసకలో కూడా ఒకసారి కాళ్ళు లెక్కపెట్టి చూడండి, ఎనిమిది ఉంటాయి. కాబట్టి అది కీటకం కాదు, సాలీడుకీ గోమారికీ చుట్టం. మొదలుపెట్టడానికి అంతకంటే మంచి మోడల్ దొరకదు, నెమ్మదిగా నడుస్తుంది, ఎగరదు, గోరంత ఉంటుంది. జూన్ చివర్లో ఆరుద్ర కార్తెలో వాన పడిన మర్నాడు పొద్దున్నే వెళ్ళండి. ఒకటే జాగ్రత్త: కెమెరా అలవాటుగా ఇచ్చే ఎక్స్‌పోజర్‌లో ఆ ఎరుపు పగిలిపోయి, ముఖమల్ కాస్తా ప్లాస్టిక్ ముక్కలా వస్తుంది. ఫ్లాష్ పవర్ ఒక మెట్టు తగ్గించి, వెలుగు లెక్క చూపే గ్రాఫ్ అయిన హిస్టోగ్రామ్‌లో ఎర్ర గీత కుడి గోడకి గుద్దుకోకుండా చూసుకోండి, అప్పుడే ఒక్కో నూగూ విడిగా కనిపిస్తుంది. బురదలో బోర్లా పడుకోవాల్సి ఉంటుంది, పాత చొక్కా వేసుకెళ్ళండి.