ముందు అవతలి యూనియన్ గడప తొక్కు

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

మీ విమాన సంస్థను ఇంకో సంస్థలో కలుపుతారన్న వార్త పేపర్లో చూసిన రోజే నీ ఫోను వస్తుందనుకున్నాను. నువ్వు యూనియన్ కార్యదర్శివై ఆరు నెలలైనా కాలేదు, పాపం.

యాజమాన్యానికి ఇవ్వడానికి డిమాండ్ల పత్రం తయారుచేస్తున్నామన్నావు. చేయండి. కానీ దానికంటే ముందు అవతలి సంస్థ యూనియన్ వాళ్లతో కూర్చుని టీ తాగి రా. సీనియారిటీ జాబితా దగ్గరికి వచ్చేసరికి ఉద్యోగుల కడుపు కొట్టేది తోటి ఉద్యోగులే. రోస్టరు, ప్రమోషను, ఉన్న ఊళ్లో పోస్టింగు, చివరికి ముందుగా ఇంటికి ఎవరిని పంపాలన్నదీ ఆ జాబితాను బట్టే ఉంటుంది.

2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అక్కడిదే టీడబ్ల్యూఏ అనే ఇంకో విమాన సంస్థను కొన్నప్పుడు టీడబ్ల్యూఏ క్యాబిన్ సిబ్బందిని జాబితా అట్టడుగున చేర్చారు. పాతికేళ్ల సర్వీసున్న వాళ్లు కూడా నిన్నగాక మొన్న చేరినవాళ్ల కిందికి పోయారు. అందుకు పట్టుబట్టింది అమెరికన్ సిబ్బంది యూనియనే. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత కోతలు మొదలయ్యేసరికి వేలమంది రోడ్డున పడ్డారు. జాబితాలను న్యాయంగా కలపాలన్న చట్టం 2007 చివర్లో గానీ రాలేదు.

అదే 2007లో ఇక్కడ ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాయి. జీతాల లెక్క తేలకుండానే విమానాలకు ఒకే రంగు వేశారు. 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన వేతనం కోసం పది రోజులు సమ్మె చేశారు. రెండువైపుల వాళ్ల జీతాలూ సర్వీసు షరతులూ కలిపే దారి చూపమని ధర్మాధికారి కమిటీని వేసింది ఆ తర్వాతే. 2012లో డ్రీమ్‌లైనర్ అనే కొత్త బోయింగ్ విమానం నడిపే శిక్షణ ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్లకూ ఇస్తున్నారని పాత ఎయిరిండియా పైలట్లు దాదాపు రెండు నెలలు విధులకు రాలేదు. రెండుసార్లూ సమ్మె చేసిన యూనియన్ గుర్తింపు రద్దయింది.

నేనేమీ తెలివైనవాణ్ని కాదులే. మా సంస్థను కలిపినప్పుడు అవతలివాళ్లను మీటింగులో ఎగతాళి చేసి చప్పట్లు కొట్టించుకున్నాను. తర్వాత జీతాల చర్చలకు వాళ్లు మా వెంట రాలేదు. ఎందుకు వస్తారు?

అందుకని జాబితాకు సంస్థలో చేరిన తేదీ లెక్కా, ఆ క్యాడర్‌లోకి వచ్చిన తేదీ లెక్కా, ట్రైనీగా ఉన్న కాలం కలుస్తుందా అన్నవి రెండు యూనియన్లూ ముందే తేల్చుకుని సంతకాలు పెట్టుకోండి. కుదరకపోతే ఇద్దరికీ నమ్మకమున్న మధ్యవర్తి పేరైనా రాసుకోండి.

ఇక కాగితాలు. ప్రతి సభ్యుడి నియామక పత్రం, ఆఖరి జీతం స్లిప్పు, మిగిలిన సెలవుల లెక్క ఇప్పుడే నకళ్లు తీయించు. విలీనమయ్యాక పాత కంప్యూటర్లో వివరాలు దొరకవంటారు. ‘రాజీనామా చేసి కొత్త సంస్థలో చేరండి, లాంఛనమే’ అంటే ఎవరూ సంతకం చేయవద్దని గట్టిగా చెప్పు. సర్వీసు తెగకూడదు, షరతులు మునుపటికంటే తగ్గకూడదు, రేపు తొలగిస్తే పాత సర్వీసుకూ కలిపి పరిహారం ఇవ్వాలి. ఈ మూడూ లేకుండా యాజమాన్యం మారితే తొలగించినట్టే లెక్కగట్టి పరిహారం ఇవ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోనే ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ సూత్రం ఉంది.

హోదా పక్కన ‘ఎగ్జిక్యూటివ్’ అని తగిలిస్తే మురిసిపోవద్దని మీ కుర్రాళ్లకు చెప్పు. రేపు మీరు కార్మికులే కారు, ఆ రక్షణ మీకు లేదు అనడానికి అదే పనికొస్తుంది. కోర్టులు పేరును కాక చేసే పనిని చూస్తాయి గానీ, కోర్టుదాకా వెళ్లేసరికి జుట్టు నెరుస్తుంది.

ఆదివారం వస్తున్నావుగా, మీ జాబితా తీసుకురా. కళ్లద్దాలు కొత్తవి, చిన్న అక్షరాలు కూడా కనబడుతున్నాయి.

నీ పెదనాన్న