బాకీల షీటు బరువెక్కింది

ప్రశ్న: మాది గుంటూరులో మిర్చి కమీషన్ కొట్టు. రైతు, రకం, టిక్కీలు (బస్తాలు), రేటు, బాకీ అన్నీ ఒకే ఎక్సెల్ షీట్లో పదేళ్లుగా రాస్తున్నాం. డేటాబేస్‌లోకి ఎలా మార్చాలండీ?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు ఫైలుకి కాపీ తీసి దాచండి. ఒకసారి అది మరిచి రెండు రాత్రులు జాగారం చేసినవాణ్ణి.

తర్వాత కాగితం మీద గీయండి. రైతులు, కొనుగోలుదారులు, అమ్మకాలు, చెల్లింపులు వేర్వేరు టేబుళ్లు. ప్రతి రైతుకూ ఒక నంబరు; అమ్మకం వరుసలో పేరు బదులు ఆ నంబరే. 1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతి ఇలాంటి పట్టికల మీదే నడుస్తుంది.

అసలు తంటా పేర్లతో. సుబ్బారావు, సుబ్బరావు, సుబ్బారావుగారు... కంప్యూటర్‌కి వీళ్లు ముగ్గురు! ఫోన్ నంబర్లు చూసి మీ గుమాస్తా చేతే కలిపించండి. ఆయనకు తెలిసినంత ఏ సాఫ్ట్‌వేర్‌కీ తెలియదు. 03-04 అన్న తేదీ మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా అన్నదీ ఆయన్నే అడగండి.

రేటు అమ్మిన రోజుదే వరుసలో ఉండాలి. బాకీ అనే గడి మాత్రం వద్దు. అమ్మకాల్లోంచి చెల్లింపులు తీసేసి అప్పటికప్పుడు లెక్క కట్టించండి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఒక నెల పాత షీటూ నడపండి, రోజూ సాయంత్రం రెండింటి మొత్తాలూ పోల్చండి.